నాన్న మంచం మీద, నేను ముక్కల ముందు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నాలుగు నెలల క్రితం మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు ఎవరైనా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు గానీ చేతిలో ఇంకా పట్టు రాలేదు. మాట వస్తోంది, సగం పదాలు మాకు అర్థం కావు. అర్థం కాలేదని ఆయనకు కోపం. అమ్మానాన్నలు నా దగ్గరే ఉంటున్నారు. పగలంతా మందులు, ఫిజియోథెరపీ, నా ఉద్యోగం. రాత్రి అందరూ పడుకున్నాక నేను జిగ్‌సా పజిల్ ముందు కూర్చుంటాను. పాత అలమరలో దొరికిన వెయ్యి ముక్కల పెట్టె. సరస్సు, పడవలు, వెనక కొండలు, పైన బోలెడంత ఆకాశం. రోజు మొత్తంలో నాకు ఊపిరి ఆడేది ఆ కాసేపే.

పోయిన నెల అన్నయ్య, వదిన నాన్నను చూడటానికి వచ్చారు. బల్ల మీద ముక్కలు చూసి అన్నయ్య, "ఇంట్లో ఇంత కష్టం పెట్టుకుని చిన్నపిల్లలా బొమ్మలు పేర్చుకుంటున్నావా?" అన్నాడు. నెలకోసారి వచ్చి గంట కూర్చుని వెళ్లే మనిషి. నేను మాట్లాడలేదు. ఆ రోజు నుంచి బల్ల మీద దుప్పటి కప్పి ఉంచుతున్నాను. రాత్రి దొంగతనంగా తీసి పేరుస్తున్నాను. ఒక్కోరోజు రెండు దాటుతోంది. మొన్న అమ్మ నిద్ర పట్టక లేచి వచ్చింది. నా పక్కన కాసేపు నిలబడి, ఒక తెరచాప ముక్క తీసి సరిగ్గా దాని చోట పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మర్నాడు ఇద్దరం దాని గురించి ఎత్తలేదు.

ఇంకొకటి ఉంది, నవ్వకండి. ఈ బొమ్మ పూర్తయ్యేసరికి నాన్న కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటారని మనసులో అనుకున్నాను. బొమ్మ దాదాపు అయిపోయింది. ఆకాశంలో ఒక్క ముక్క కనిపించడం లేదు. నేను చేస్తున్నది తప్పా? బాధ్యత నుంచి పారిపోతున్నానా?

జవాబు: నవ్వలేదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ చివరి సంగతే. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ దుప్పటి తీసేయండి.

పారిపోయేవాళ్లను నేను చూశాను. వాళ్ల వెనక పనులు పడి ఉంటాయి. ఈ నాలుగు నెలల్లో పజిల్ కారణంగా ఒక్క పూట మందు తప్పిందా? నాన్నగారు పిలిస్తే "ఉండండి, ఈ ముక్క పెట్టి వస్తాను" అన్నారా? అని ఉంటే మళ్లీ రాయండి, అప్పుడు వేరే జవాబు ఇస్తాను. మీ ఉత్తరం చూస్తే అలా లేదు. ఆయన మంచానికి పది అడుగుల దూరంలో, పిలిస్తే వినిపించే చోట కూర్చున్నారు. పారిపోయేవాళ్లు ఇంత దగ్గరలో ఆగరు.

ఆ కాసేపే ఊపిరి ఎందుకు ఆడుతోందో మీకు తెలిసే ఉంటుంది, అయినా పైకి చెప్పుకుందాం. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ప్రశ్నల్లో దేనికీ సరైన జవాబు లేదు. ఎన్ని నెలలు? మాట ఎంతవరకు వస్తుంది? మీ ఉద్యోగం ఎన్నాళ్లు ఇలా నెట్టుకురాగలరు? ఎవరిని అడిగినా "చూద్దాం" అనే మాటే. బల్ల మీద ప్రశ్న అలాంటిది కాదు. ఒక వైపు బుడిపె, మూడు వైపుల గుంటలు, మూలన కాస్త నీలం. దీని చోటు ఎక్కడ? జవాబు ఆ పెట్టెలోనే ఉంది. తప్పు ముక్క పెడితే కూర్చోదు, తీసి పక్కన పెడతారు, ఎవరూ ఏమీ అనరు. సరైన ముక్క అయితే బొటనవేలి కింద చిన్నగా దిగుతుంది. ఆ దిగిన క్షణం కోసమే గదా మనం కూర్చునేది.

దీనికి ఇంకో కోణం ఉంది. భయం చాలావరకు బొమ్మలుగా వస్తుంది. నాన్నగారు పడిపోయిన ఆ పూట మీ కళ్ల ముందు ఎన్నిసార్లు తిరిగి ఉంటుందో. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి కలతపెట్టే సినిమా దృశ్యాలు చూపించి, తర్వాత వారిలో సగం మంది చేత టెట్రిస్, అంటే తెర మీద పైనుంచి పడే ముక్కలను తిప్పి పేర్చే వీడియో గేమ్, ఆడించారు. ఆడినవారికి ఆ తర్వాతి వారంలో ఆ దృశ్యాలు పిలవకుండా గుర్తుకు రావడం తగ్గింది. కంటితో ఆకారాలను తిప్పి చూసే పని, మనసులో బొమ్మలు పుట్టే చోటునే ఆక్రమిస్తుందని వారి వివరణ. అది జిగ్‌సా మీద చేసిన ప్రయోగం కాదు, సినిమాలో చూసిన బాధా మీ ఇంట్లో పడిన బాధా ఒకటీ కాదు. అయినా ఒకసారి గమనించండి. కొండ అంచు కోసం వెతుకుతున్నంతసేపూ ఆ పూట మీ కళ్ల ముందుకు వచ్చిందా?

ఇక "చిన్నపిల్లలా" అన్న మాట. మీ అన్నయ్య అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఇది పుట్టింది పిల్లల కోసమే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాలు చెక్కే పనివాడు దేశపటాలను పల్చటి చెక్క మీద అతికించి, సరిహద్దుల వెంట కోసి, భూగోళం నేర్చుకునే పిల్లల కోసం అమ్మాడు. ఆ రోజుల్లో చాలా ముక్కలకు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే బుడిపెలు కూడా లేవు. బల్లకు మోకాలు తగిలితే రాజ్యాలన్నీ చెదిరిపోయేవి. పెద్దవాళ్లు దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నది తర్వాత. బాగా గట్టిగా పట్టుకున్నది ఎప్పుడో తెలుసా? ఆర్థిక మాంద్యం ముదిరి, ఉద్యోగాలు ఊడి, బ్యాంకులు మూతపడుతున్నప్పుడు. 1933 తొలి నెలల్లో ఒక్క అమెరికాలోనే వారానికి కోటి దాకా పజిళ్లు అమ్ముడుపోయాయి. కొనలేనివారికి అద్దెకిచ్చే చోట్లు వెలిశాయి. పని పోయిన వడ్రంగులు కొందరు ఇంట్లోనే రంపం పట్టుకుని పజిళ్లు కోసి అమ్మారు. మళ్లీ 2020లో అందరం ఇళ్లలో ఇరుక్కుపోయినప్పుడు చాలా దేశాల్లో కొందామంటే పజిల్ దొరకలేదు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు దీన్ని పట్టుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ జనం దీనికోసం ఎగబడింది మాత్రం కష్టకాలంలోనే.

ఇదంతా మీ అన్నయ్యకు అప్పజెప్పకండి. పజిల్‌ను సమర్థించుకోవడం మొదలుపెడితే మీరిద్దరూ అట్టముక్కల మీద గంటసేపు వాదించుకుంటారు, అసలు మాట అలాగే ఉండిపోతుంది. నా అనుమానం ఏమిటంటే, దుప్పటి కింద మీరు దాచింది పజిల్ ఒక్కదాన్నే కాదు. "నెలకోసారి వచ్చి గంట కూర్చుని వెళ్లే మనిషి" అని నాకు రాశారు. ఆయనతో అనలేదు. అయితే ఆ వాక్యాన్ని అలాగే ఆయన మొహాన వేయమని నేను చెప్పడం లేదు. వేరే వాక్యం ఉంది: "అన్నయ్యా, శనివారం రాత్రి నాన్న దగ్గర నువ్వు పడుకో. ఆ రాత్రి నేను నిద్రపోతాను." ఇందులో నింద లేదు, ఒక రోజు పేరు ఉంది. ఒప్పుకుంటే మీకు వారానికి ఒక పూర్తి నిద్ర. ఒప్పుకోకపోతే ఎందుకు కుదరదో ఆయన చెప్పాలి, బల్ల మీద ఏముందో మీరు చెప్పనక్కర్లేదు.

ఆయన పక్షం కూడా ఒక్క మాట అంటాను, కోపగించుకోకండి. మీరు నాన్నగారిని రోజూ చూస్తున్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మీకు తెలుసు. నెలకోసారి వచ్చే కొడుక్కి ప్రతిసారీ అది మొదటి రోజే. గుండె దిటవు చేసుకుని గుమ్మంలో అడుగుపెట్టిన మనిషికి బల్ల మీద సరస్సు, పడవలు కనిపించాయి. ఏదో ఒకటి అనేయాలనిపించింది, అనేశారు.

రాత్రి రెండు గంటల సంగతికి మాత్రం నా మద్దతు లేదు. మా అత్తగారు మంచాన పడ్డ ఏడాది నేనూ ఇలాగే కూర్చునేదాన్ని. ఇంకొక్క ముక్క, ఇంకొక్కటి అనుకుంటూ తెల్లవారుజాము చేసేదాన్ని. ఒక పొద్దున ఆవిడకు రాత్రి వేయాల్సిన మాత్ర చేతిలో పెట్టాను. ఆవిడే చూసి, "ఇది తెల్లది కదమ్మా, పొద్దున వేసేది పసుపుది" అన్నారు. ఆ మాట విన్నాక చాలాసేపు కాళ్లు వణికాయి. ఆ రాత్రి పజిల్ ముట్టుకోలేదు. ఆ తర్వాత మళ్లీ కూర్చున్నాను గానీ పద్ధతి మార్చాను. గడియారం చూసి లేవడం నాకు ఎప్పుడూ కుదరలేదు, వెతుకుతున్న ముక్క దొరక్కుండా ఎవరు లేస్తారు? అందుకని ముక్క దొరికినప్పుడే లేవడం అలవాటు చేసుకున్నాను. పదకొండు దాటాక దొరికిన మొదటి ముక్కను దాని చోట పెట్టకుండా పక్కనే ఉంచి దీపం ఆర్పేసేదాన్ని. మర్నాడు కూర్చోగానే పెట్టడానికి ఒకటి సిద్ధంగా ఉండేది. ఇది మీకు పనిచేస్తుందో లేదో చూడండి.

ఇంకో కారణం, మీరు పట్టుకున్న పెట్టె పెద్దది. వెయ్యి ముక్కలని పైన రాసి ఉంటుంది గానీ, అలాంటి చాలా పెట్టెల్లో వరసకు 38 చొప్పున 27 వరసలు, మొత్తం 1026 ఉంటాయి. అందులో అంచు ముక్కలు 126 మాత్రమే. అంచు కట్టడం రెండు రాత్రుల ముచ్చట, మిగిలిన తొమ్మిది వందలే మనిషిని నమిలేది. మీలాంటి రోజుల్లో ఉన్నవారికి ఐదు వందలు చాలు. సగం ముక్కలంటే సగం శ్రమ అనుకోకండి, అంతకంటే బాగా తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి ముక్కనూ వెతకాల్సిన గుంపు కూడా సగమవుతుంది. బొమ్మ ఎంచుకునేటప్పుడు ఆకాశం, నీళ్లు, మంచు తక్కువ ఉన్నది చూడండి. పుస్తకాల అలమర, పూలతోట, రంగురంగుల కిటికీలు, ఇలా చిన్నచిన్న వస్తువులు కిక్కిరిసి ఉన్నవి అలసిన కళ్లకు మంచివి. ఏ ముక్క తీసుకున్నా అది దేనికి చెందిందో పేరు పెట్టి చెప్పగలగాలి. ఆకాశం తప్పనప్పుడు రంగును నమ్ముకోకండి, రాత్రి దీపం కింద నీలాలన్నీ ఒకటే. ఎదురెదురుగా రెండు బుడిపెలున్నవి ఒక పళ్లెంలో, పక్కపక్కన ఉన్నవి ఇంకో పళ్లెంలో, మూడున్నవి, ఒకటే ఉన్నవి వేరువేరుగా పెట్టి ఆకారంతో వెతకండి.

ఫోనులో ఆడే పజిళ్ల గురించి మీరు అడగలేదు. ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నప్పుడు పనికొస్తాయి, ఇంట్లో వద్దు. ఫోను చేతిలో ఉంటే మధ్యలో అన్నయ్య మెసేజ్ వస్తుంది.

ఇప్పుడు అమ్మగారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి వాక్యం ఆవిడది, ఆవిడ ఒక్క మాటా అనకపోయినా. మీరు దాని గురించి మర్నాడు ఎత్తకపోవడం సరైన పనే. "అమ్మా, రా, నాతో కూర్చో, నీకు మంచిది" అని పిలిచారంటే అది ఇంకో ఫిజియోథెరపీ అయిపోతుంది. మీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంచండి, అంతే. తెరచాపల ముక్కలు ఒక పళ్లెంలో వేసి ఆ కుర్చీ ముందు పెట్టండి. వస్తే వస్తారు. ఎదురెదురుగా కూర్చుంటే కొన్ని మాటలు నోటికి రావు. ఇద్దరి కళ్లూ ఒకే బొమ్మ మీద ఉన్నప్పుడు, తల ఎత్తకుండానే, "మీ నాన్న రాత్రి నా పేరు పిలిచారు" లాంటి మాట వచ్చేస్తుంది. వచ్చినప్పుడు మీరూ తల ఎత్తకండి. ముక్క వెతుకుతూనే వినండి. ఆవిడ మీకు అమ్మే గానీ ఈ నాలుగు నెలలూ ఆవిడ పడుతున్నది భార్యగా, అది మీ బాధకు పక్కనే ఉన్న వేరే బాధ.

ఎవరో ఒకరు మీకు చెప్పి తీరతారు: అమ్మ చేత పజిళ్లు చేయించండి, జ్ఞాపకశక్తికి మంచిదని. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయం వారు 50 ఏళ్లు దాటిన 100 మందితో అధ్యయనం చేసి 2018లో ప్రచురించారు. సగం మంది 30 రోజుల పాటు రోజుకు కనీసం గంటసేపు జిగ్‌సా పేర్చారు. ఆ నెల రోజుల్లో వారి ఆలోచనాశక్తిలో చెప్పుకోదగ్గ మెరుగేమీ కనిపించలేదు. నాకైతే ఆ ఫలితం చదివి హాయిగా అనిపించింది. అమ్మగారు తెరచాప పెట్టేది తెరచాప కోసమే పెట్టవచ్చు, ఎవరూ మార్కులు వేయరు.

నాన్నగారిని కలుపుకోవాలని మీకు అనిపించవచ్చు. ముందు ఫిజియోథెరపిస్టును అడగండి. ముక్కలు పెద్దవిగా, కొన్నే ఉండి, బొమ్మ మాత్రం పెద్దవాళ్లకు తగినట్టుగా ఉండే పెట్టెలు దొరుకుతాయి. కుక్కపిల్ల బొమ్మ తెచ్చి ఆయన ముందు పెట్టకండి. మాట సరిగా రానంత మాత్రాన మనిషి చిన్నవాడైపోలేదు. ఎడమచేత్తో పెడతానంటే పెట్టనివ్వండి, విసుగొచ్చి తోసేస్తే తీసేయండి. కుడిచేత్తో పెట్టి చూడండి అని మాత్రం అనకండి. ఎందుకు అనకూడదో మీకు తెలుసు.

ఆ మొక్కు సంగతికి వచ్చాం. ఆసుపత్రి వరండాల్లో అందరూ ఇలాంటి లెక్కలు వేసుకుంటారు. లిఫ్టు రాకముందే పది లెక్కపెడితే రిపోర్టు మంచిదొస్తుందని, ఎడమకాలు ముందు పెడితే కాదని. చేతిలో ఏమీ లేనప్పుడు ఏదో ఒకటి చేతిలో ఉండాలనిపిస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మీరు చేసింది చూడండి. ఇంట్లో జవాబు దొరికే చోటు ఒక్కటే ఉంది, ఆ బల్ల. జవాబు లేని ప్రశ్నను తీసుకెళ్లి దాని మీదే పెట్టారు. ఇప్పుడు ప్రతి ముక్కా బరువెక్కింది. పూర్తి చేయాలంటే భయం, చేయకపోతే భయం. రెండింటి దాకా మెలకువగా ఉంచుతున్నది అదేనేమో కూడా.

పైగా మీరు పందెం కాసింది అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేదాని మీద. పక్షవాతం తర్వాత మెరుగుదల మొదటి మూడు నెలల్లో ఎక్కువ వేగంగా ఉంటుంది, ఆ పైన నెమ్మదిగా నెలల తరబడి సాగుతుంది. సాధారణంగా కాలు ముందు కోలుకుంటుంది, చెయ్యి వెనకబడుతుంది. గ్లాసు పట్టుకోవడం అంటే వేళ్లు తెరవాలి, మూయాలి, జారకుండా బిగించాలి, బరువు చూసుకుంటూ ఎత్తాలి. అది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో, దెబ్బ మెదడులో ఎక్కడ ఎంత తగిలిందన్న దాని మీద, రోజూ చేయించే సాధన మీద ఆధారపడి ఉంటుంది. ఆకాశంలో ఒక ముక్క మీద కాదు.

అందుకని ఇలా చేయండి. ఆ ముక్క దొరికినా దొరకకపోయినా ఈ వారంలో ఒక రోజు, పగటిపూట, అమ్మగారు ఇంట్లో ఉండగా, బొమ్మను విప్పేయండి. నాన్నగారి చెయ్యి ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండగా విప్పండి. అందుకే పగలు చేయమంటున్నాను. విప్పిన మర్నాడు పొద్దున కూడా ఆయన లేచి, కోపంగా సగం మాట అంటారు, మీరు మాత్ర ఇస్తారు. అప్పుడు మీ మొక్కు దానంతటదే ఊడిపోతుంది. ముక్క దొరకకపోతే పెట్టె మూత లోపల పెన్సిలుతో "ఆకాశంలో ఒకటి లేదు" అని రాసి పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా తీసేవారికి తెలియాలి కదా.

దొరికే అవకాశం మాత్రం బాగానే ఉంది. పోయిందనుకున్న ముక్క చాలాసార్లు పెట్టె అడుగున అట్టల మడతలోనో, ఇంకో ముక్క వెనక అంటుకునో, కుర్చీ కాలి కిందో ఉంటుంది. తప్పు చోట బలవంతంగా ఇరికించిన ముక్క ఒకటి ఉందేమో ఆకాశమంతా వేలితో తడిమి చూడండి, సరిగ్గా కూర్చోనిది కాస్త ఎత్తుగా తగులుతుంది. వీటన్నిటికంటే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. నెల రోజులుగా రోజూ రాత్రి తీసి మళ్లీ కప్పుతున్న ఆ దుప్పటి. నూగు ఉన్న గుడ్డకు అట్టముక్క ఇట్టే పట్టుకుంటుంది. ఉతకడానికి వేసే ముందు నేల మీద తెల్లగుడ్డ ఏదైనా పరిచి, దాని మీద మెల్లగా దులపండి.